వగరు

వైన్ షాపులో వైన్ దొరకదన్న సంగతి అరవై మూడో యేట గాని నాకు తెలియలేదు. బయట 'వైన్స్' అని నిలువెత్తు అక్షరాలతో బోర్డు వుంటుంది. మా తెనాలిలో ఏ పేటకి వెళ్ళినా అలాంటి బోర్డు వొకటి కనిపించకపోదు. మొన్న ఫిబ్రవరిలో వో సాయంత్రం, తెలిసినవాళ్ళెవరైనా చూస్తున్నారేమోనని అటూ యిటూ చూసుకుని, ఆ కటకటాల దగ్గర మెడ కాస్త ముందుకు పెట్టి, "బాబూ, వైన్ వుందా?" అని అడిగాను.

కౌంటరు దగ్గర కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "ఇక్కడున్నయ్యన్నీ వైనే కదండీ" అన్నాడు.

"అది కాదు నాయనా, ద్రాక్షపళ్ళతో చేసేది."

వాడు లోపలికి తిరిగి, "అన్నా, మన దగ్గర ద్రాక్షపళ్ళది వుందా?" అని కేకేశాడు. నా వెనక నిలబడ్డ నలుగురూ నవ్వారు. వాళ్ళని తప్పు పట్టను. ఆ వరసలో నిలబడి 'దేంతో చేసింది' అని అడిగినవాడు నాకంటే ముందు వుండి వుండడు. చివరికి అడుగు అరలోంచి దుమ్ముపట్టిన సీసా వొకటి బయటికొచ్చింది. నాసిక్ సరుకు. కాగితంలో చుట్టించుకుని, సంచీ అడుగున పెట్టి, పైన కేజీ వంకాయలు పోయించుకుని యింటికి చేరాను. వంకాయలతో నిజానికి పనిలేదు. ఇంట్లో అప్పటికే రెండు కేజీలున్నాయి.

నేను తాగుబోతునని పాఠకులు తొందరపడకూడదని మనవి. ముప్ఫై ఆరేళ్ళు బ్యాంకులో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. పదవీ విరమణ సభల్లో మొహమాటానికి రెండుసార్లు బీరు పుచ్చుకున్నాను, అది కుంకుడుకాయ రసంలా వుందని తేల్చుకుని వదిలేశాను. మరి యీ వయసులో యీ వంకాయల రాయబారం ఎందుకొచ్చిందంటే, సంక్రాంతికి మా అబ్బాయి కాలిఫోర్నియా నుంచి వస్తూ నాపా లోయలో చేసిన ఎర్ర వైను సీసా వొకటి తెచ్చాడు. "నాన్నా, మందు తాగమని కాదు. ఇది రుచి చూడాలి. చదువులాంటిది" అన్నాడు. చదువన్నాక నేను కాదనలేను.

మా ఆవిడ మూడు షరతులు పెట్టింది. సీసా వంటింట్లోకి రాకూడదు. దేవుడి గది తలుపు వేసి వుంచాలి. ఇంట్లో మేం తాగే గ్లాసులు ముట్టుకోకూడదు. అంచేత పనివాళ్ళకి టీ పోసే గాజు గ్లాసులు రెండు బయటికొచ్చాయి. ఆ గ్లాసులు వేరే వున్నాయన్న సంగతి మా అబ్బాయి ఆ రోజే గమనించినట్టున్నాడు. ఏమీ అనలేదు గాని, వాటిని వొక్క క్షణం చూశాడు. నేనూ చూశాను. ఆ విషయం మీద వేరే వ్యాసం రాయాలి, రాసే ధైర్యం యింకా చిక్కలేదు.

సరే, వాడు సీసా వెనక కాగితం చదివాడు. అందులో బ్లాక్‌బెర్రీ వుందట, దేవదారు చెక్క వుందట, వెనిలా వుందట, పొగాకు వుందట. వున్నాయంటే కలిపారని కాదు, నోట్లో పోసుకుంటే అవి గుర్తొస్తాయని. బ్లాక్‌బెర్రీ మా వంశంలో తిన్నవాడు లేడు. దేవదారు చెక్కతో మాకు పరిచయం లేదు. పొగాకు మాత్రం గుంటూరు సీమవాడికి వొకరు చెప్పాలా? పొగాకు బోర్డు కార్యాలయమే మా గుంటూర్లో వుంది. ఎండిన ఆకు వాసన చిన్నప్పటి నుంచీ ముక్కున పడిందే. కళ్ళు మూసుకుని గుటక వేశాను. పొగాకు తగల్లేదు గాని, ముందు బాగా పండిన నేరేడుపండు, దాని వెనక పచ్చి వక్క, ఆ తరవాత వేయించిన చింతగింజ కొరికినప్పటి రుచీ వరసగా వచ్చాయి. మింగేశాక నాలుక గరుకు పట్టి, చెంపలు లోపలికి లాక్కున్నాయి.

"అది టానిన్ నాన్నా. ఆ లాక్కునేది ఏమిటో అక్కడివాళ్ళకి చెప్పడం కష్టం, చాలామంది చేదు అంటారు" అన్నాడు.

"చేదెందుకవుతుందిరా, వగరు" అన్నాను.

నాకా సమయంలో కొంచెం గర్వం కలిగిన మాట వాస్తవం. ఆయుర్వేదంవాళ్ళు ఆరు రుచులని లెక్కకట్టి, కషాయాన్ని అంటే వగరుని, చేదుతో కలపకుండా విడిగా కూచోబెట్టారు. మన యింట్లో మూడేళ్ళ పిల్లని అడిగినా పచ్చి అరటికాయ చేదని చెప్పదు, వగరంటుంది. ఏడాది మొదటి రోజు పొద్దున్నే మామిడి పిందె ముక్క వేసి మరీ తినిపిస్తాం గదా. అంచేత తెలుగువాడు వైను రుచి చెప్పలేడని నేనొప్పుకోను. పేర్లు మన పెరట్లోనే వున్నాయి.

ఇంతకీ యీ రుచి చెప్పడం అన్నది నిజమేనా, వేషమా అన్న అనుమానం నాకు ఆ రాత్రే మొదలైంది. మా అబ్బాయి రెండు కథలు చెప్పాడు. 1976లో పారిస్‌లో వో పోటీ పెట్టారట. సీసాల మీది పేర్లు దాచేసి, ఫ్రెంచివాళ్ళయిన పెద్ద పెద్ద రుచి పండితుల చేతనే ఫ్రెంచి వైన్లూ కాలిఫోర్నియా వైన్లూ కలిపి రుచి చూపిస్తే, ఎరుపులోనూ తెలుపులోనూ కూడా మొదటి స్థానం వాళ్ళే కాలిఫోర్నియాకి యిచ్చుకున్నారు. పేరు తెలిస్తే యిచ్చేవాళ్ళు కారు. మాది ఆంధ్రా పారిస్ అని పేరుబడ్డ వూరు గనక ఆ పారిస్‌కి జరిగిన పరాభవం నా మనసుకి కొంచెం తగిలింది. రెండో కథ యింకా ఘోరం. 2001లో ఫ్రాన్సులోనే బోర్డోలో వో పరిశోధకుడు తెల్ల వైనులో రుచీ పచీ లేని ఎర్రరంగు కలిపి, ఆ విద్య చదువుకునే యాభై నలుగురికి యిచ్చాడు. వాళ్ళు ఎర్ర వైనుకి వాడే మాటలన్నీ దానికి వాడేశారు. నాలుక కంటే కన్నే ముందు తాగేసిందన్నమాట.

ఇది విని సంతోషించినవాళ్ళలో మా ఆవిడ వొకరు. "రంగు చూసి చెప్పేదానికి అంత డబ్బెందుకూ, రస్నా తాగితే పోలా" అంది.

నాసిక్ సీసా తెచ్చింది యీ అనుమానం తీర్చుకుందామనే. తీరలేదు. మా తెనాలి ఎండలకి అరలో నిలబెట్టి ఎన్నాళ్ళు వుంచారో ఏమో, పాతబడ్డ వూరగాయ జాడీ కడిగిన నీళ్ళలా వుంది. తప్పు చేసినవాళ్ళది కాదు, దాచినవాళ్ళది. రెండు గుక్కలు తాగి, మిగిలింది మందారచెట్టు మొదట్లో పోశాను. మందార బాగానే వుంది.

అప్పుడు గుర్తొచ్చింది మా అత్తగారి ద్రాక్షారిష్టం. ఆవిడ జన్మలో వుల్లిపాయ ముట్టి ఎరగదు. రోజూ భోజనం కాగానే రెండు చెంచాల ద్రాక్షారిష్టంలో రెండు చెంచాల నీళ్ళు కలుపుకుని, తులసికోట కేసి తిరిగి పుచ్చుకునేది. ద్రాక్షపళ్ళ కషాయంలో బెల్లమూ, యాలకులూ, దాల్చినచెక్కా, ధాతకీ పూలూ వేసి, కుండ మూతిపెట్టి రోజుల తరబడి పులియనిస్తే అదవుతుంది. సీసా మీద 'తనంతట తాను పుట్టిన ఆల్కహాలు' యింత అని సన్నక్షరాలతో రాసే వుంటుంది. కల్లుతో పోలిస్తే తక్కువేమీ కాదు. ఆవిడ పోయాక మిగిలిన సీసా యింట్లోనే వుంటే మొన్న వో చెంచా నాకి చూశాను. నాపా లోయకి పెద్దక్కయ్యలా వుంది. అదే నేరేడు, అదే వగరు, పైన బెల్లం పాకం, చివర లవంగం ఘాటు. తులసికోట కేసి తిరిగి తాగితే మందు, కటకటాల కేసి తిరిగి తాగితే 'మందు'. మన భాష ఎంత కొంటెదో చూడండి, రెంటికీ వొకటే మాట పెట్టి వూరుకుంది. తెలుగు బైబిల్లోనూ అంతే, వైనుకి ద్రాక్షారసమనే రాశారు. కానా వూరి పెళ్ళిలో నీళ్ళు ద్రాక్షారసం అయ్యాయంటే, అది మామూలు పళ్ళరసమేననుకుని పెరిగానని మా బ్యాంకులో పనిచేసిన లూథరన్ మిత్రుడొకాయన చెప్పేవాడు.

రుచి వేషం కాదని నమ్మినవాడు హ్యూమ్ అనే స్కాట్లండు తత్త్వవేత్త. 1757లో అచ్చయిన వొక వ్యాసంలో ఆయన డాన్ కిహోటీ నవల్లోని కథొకటి ఎత్తుకుంటాడు. శాంకో పాంజా చుట్టాలిద్దర్ని వో పీపా వైను రుచి చూడమన్నారు. ఒకాయన చప్పరించి, బాగానే వుంది గాని తోలు వాసన కొడుతోందన్నాడు. రెండో ఆయన, బాగానే వుంది గాని యినుము తగుల్తోందన్నాడు. అందరూ యిద్దర్నీ చూసి నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక చూస్తే అడుగున వో పాత తాళంచెవి, దానికి కట్టిన తోలుముక్కా వున్నాయి.

ఈ కథ చదివి నేను పుస్తకం మూసేశాను. ఎందుకంటే అలాంటి నాలుక నేను కళ్ళారా చూశాను. అది మా మేనమామది.

మామయ్యది రేపల్లె దగ్గర పల్లె. కాలవ కింద నాలుగెకరాల మాగాణి. 1972లో, నాకు పదేళ్ళప్పుడు, వేసవి సెలవలకి వెళ్తే పొద్దున్నే నన్ను వెంటేసుకుని తాళ్ళ తోపుకి బయల్దేరేవాడు. గీసేవాళ్ళు చెట్టు దిగి లొట్లు దింపుతూ వుంటే, మామయ్య తాటాకు దొప్ప పట్టి, నురగ వూది, వో గుక్క నోట్లోకి తీసుకుని అటూ యిటూ తిప్పేవాడు. తరవాత ఆకాశం కేసి చూసి తీర్పు చెప్పేవాడు. "ఇది కాలవగట్టు మీద మూడో చెట్టుది. నిన్న సాయంత్రం గీత లోతుగా పడింది. లొట్టి సరిగ్గా కడగలా." గీసినతను తల గోక్కుని, "మీ నాలిక్కి దణ్ణం దొరా" అనేవాడు. ఎప్పుడైనా పరీక్షించడానికి రెండు చెట్ల కల్లు కలిపి పోసేవాళ్ళు. రెండు చెట్లూ చెప్పేవాడు. పారిస్ పండితులు ఆయన ముందు ఏ మూలకి? ఆయన దొప్పలో వో చుక్క నా నాలుక మీద పడ్డందుకు మా అమ్మ వాళ్ళ అన్నగారితో రెండేళ్ళు మాట్లాడలేదు.

ఆ నాలుగెకరాలూ 1985 నాటికి లేవు. ఆయన 1991లో పోయారు. చివరి రోజుల్లో వో సాయంత్రం చూశాను. సర్కారు సారా ప్లాస్టిక్ పాకెట్లలో అమ్మే రోజులవి. పాకెట్టు మూల పంటితో కొరికి, కళ్ళు గట్టిగా మూసుకుని, వొక్క గుక్కలో గొంతులోకి దింపేసి, వెంటనే మాగాయ టెంక నోట్లో పెట్టుకున్నారు. ఏ చెట్టుది మామయ్యా అని అడగాలనిపించింది. అడగలేదు.

ఈ రెండు దృశ్యాలూ పక్కపక్కన పెట్టుకుని నేనో సిద్ధాంతం చేసుకున్నాను. రుచి చూసేవాడు చెడడు, రుచి పోయినవాడే చెడతాడు. మామయ్య కల్లు రుచి చూసినన్నాళ్ళు రసికుడు, సారా పాకెట్టు వచ్చి నాలుక చచ్చాక తాగుబోతు. చాలా అందంగా వుంది. పైగా నా గాజు గ్లాసుకి దీని కింద బోలెడంత నీడ కూడా వుంది. దీన్ని రుజువు చేసుకోవడానికి మార్చిలో బాపట్ల వెళ్ళాను.

బాపట్లలో మా అక్కయ్యా బావగారూ వుంటారు. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల వున్న వూరది, బావగారు అందులోనే చాలాకాలం పనిచేశారు. చెట్టు పేరెత్తితే చాలు ఆయనకి పాఠం చెప్పాలనిపిస్తుంది. సూర్యలంక సముద్రం దారిలో యిసకనేలల్లో తాళ్ళున్నాయి, పద, వొకే చెట్టు కల్లు మూడు పూటలా చూద్దాం, అప్పుడు రుచంటే ఏమిటో తెలుస్తుందన్నారు. అక్కయ్య గుమ్మంలో నిలబడి, "ముసలాళ్ళిద్దరికీ పోయేకాలం" అంది గాని, మజ్జిగ సీసా యిచ్చి పంపింది.

తెల్లవారుజామున చెట్టు దిగినప్పటిది తియ్యగా వుంది. చెరుకురసంలో లేతకొబ్బరినీళ్ళు కలిపినట్టు, చివర్లో పచ్చి తాటాకు వాసన. లొట్టి లోపల సున్నం పూస్తే అది అలాగే పులియకుండా నిలుస్తుంది, దాన్నే నీరా అంటారని బావగారు. సున్నం లేకపోతే పాత లొట్టిలో దాక్కున్న కంటికి కనపడని జీవులు చెట్టు మీద వుండగానే పని మొదలుపెడతాయి. ఎండెక్కాక చూస్తే నాలుక మీద చీమలు పాకినట్టు చురుకు, తీపి వెనక్కి తగ్గి పులుపు ముందుకొచ్చింది. సాయంత్రానికి పులిసిన దోసెపిండి వాసన ముక్కులోంచి నెత్తికెక్కింది, తీపి పేరుకి కూడా లేదు. మర్నాటికి అది వినిగర్. ఒకే చెట్టు, వొకే కుండ. మనిషి బతుకులో అరవై ఏళ్ళు పట్టేది దానికి వొక్క పగట్లో అయిపోయిందని నేనంటే, బావగారు యిలాంటి మాటలు వారపత్రికలకి రాసుకో, యిది యీస్టు అన్నారు.

ఆ గీసే అతనికి యాభై దాటి వుంటాయి. చెట్టుకి రోజూ రెండుసార్లు ఎక్కాలి, గెల చివర సన్నగా చెక్కాలి, మళ్ళీ లొట్టి కట్టాలి. నడుముకి మోకు, కాళ్ళకి బంధం, మొలలో కత్తి. "నువ్వేం తాగుతావు, పొద్దుటిదా సాయంత్రందా?" అని అడిగాను.

"నేను తాగనండి. నాలిక్కి పెట్టుకుని వూసేస్తా. తాగితే ఎక్కేదెట్టాగండీ?"

పెద్ద పెద్ద వైను పండితులూ అంతేనని మా అబ్బాయి చెప్పాడు. నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న పాత్రలో వుమ్మేస్తారు. నా సిద్ధాంతానికి సాక్షి దొరికాడని సంబరపడి, మర్నాడు తెనాలి వచ్చి, ఆ పై ఆదివారం రేపల్లె పాసింజరెక్కాను. మామయ్య పోయినా అత్తయ్య వుంది. ఎనభై అయిదేళ్ళు. రేపల్లెలో కూతురి దగ్గర వుంటోంది. ఆవిడ నోటితో ఔననిపించుకుంటే నా వ్యాసం పూర్తవుతుంది. నిజం చెప్పాలంటే వ్యాసం సంగతి తరవాత, నాకు కావలసింది వో సర్టిఫికెట్టు. అన్యాయం జరిగిన యింట్లోంచే వస్తే దాని విలువ వేరు గదా.

వేమూరు దాటింది, భట్టిప్రోలు దాటింది. కిటికీలోంచి తాళ్ళు వెనక్కి పోతుంటే పాత కథలన్నీ గుర్తొచ్చాయి. మద్యనిషేధానికి మూలపురుషుడు శుక్రాచార్యుడు. ఆయన పెట్టిన కట్టడి బోధలోంచి పుట్టలేదు, దెబ్బ తిని పెట్టింది. రాక్షసులు కచుణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిద సురలో కలిపి గురువుగారికే పోశారు. ఆయన తాగేశాడు. సంజీవని తెలిసిన మహానుభావుడికి, ప్రియశిష్యుడు గొంతు దిగుతుంటే రుచి తేడా తెలియలేదు. శాంకో పాంజా చుట్టాలకి తోలుముక్క తెలిసింది, ఈయనకి మనిషి తెలియలేదు. కడుపు చీల్చుకుని కచుడు బయటికొచ్చాక అప్పుడు శపించాడు, బ్రాహ్మడన్నవాడు యికమీదట దీన్ని తాగకూడదని. ద్వారకలో కూడా నిషేధం పెట్టారు. ముసలం పుట్టిందని తెలియగానే వూళ్ళో ఎవరూ సుర కాయకూడదనీ, కాస్తే కొరత వేస్తామనీ చాటింపు వేయించారు. ఆ యాదవులే ప్రభాసానికి వెళ్ళి తాగి, వొకర్నొకరు కొట్టుకుని చచ్చారు. చాటింపు వూరి పొలిమేర వరకే వినపడుతుంది కాబోలు.

మన కాలంలోనూ యీ సీసా ఎంతమందిని దింపిందో. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ఆంధ్ర మంత్రివర్గం మద్యనిషేధం గొడవలోనే, వొక్క ఓటు తేడాతో పడిపోయింది. గీత పనివాళ్ళ పొట్ట కొడుతున్నారని గౌతు లచ్చన్నగారు పట్టుపట్టారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ తరవాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కొంగు బిగించి లేచారు. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే పోయింది, 1997లో తిరిగొచ్చింది. లచ్చన్నగారి పక్షానా న్యాయం వుంది, దూబగుంట ఆడవాళ్ళ పక్షానా న్యాయం వుంది. ఈ రెంటి మధ్యా నా గాజు గ్లాసుకి ఏ న్యాయమూ లేదు. అది వుట్టి సరదా. అయితే సరదాకి న్యాయం అక్కర్లేదనే యిన్నాళ్ళూ నా వాదన. నెలాఖరుకి పింఛను పడేవాడు యీ వాదన తేలిగ్గానే చేస్తాడు.

రేపల్లెతో రైలు దారి అయిపోతుంది. దిగి, రిక్షా దొరక్క ఆటో ఎక్కి వెళ్ళాను.

అత్తయ్య వసారాలో నులకమంచం మీద కూచుని చింతపండు గింజలు తీస్తోంది. కళ్ళు సరిగా ఆనవు గాని వేళ్ళకి అన్నీ తెలుసు. "ఎవురూ, తెనాలి అబ్బాయా? అమ్మాయి బాగుందా? మీవోడు మళ్ళీ అమెరికా ఎళ్ళిపోయాడంటగా" అంది. కాఫీ అయ్యాక, మామయ్య నాలుక సంగతి ఎత్తాను. మూడో చెట్టు, లొట్టి కడగకపోవడం, రెండు చెట్లు కలిపినా కనిపెట్టడం అన్నీ చెప్పాను. ఆవిడ మొహంలో చిన్న నవ్వు కనిపించింది. అదే సందని, "ఆ రోజుల్లో ఆయన రుచి తెలిసిన మనిషి. పాడు సారా పాకెట్లు వచ్చాకే గదా అత్తయ్యా పొలం పోయిందీ" అన్నాను.

అత్తయ్య వేళ్ళు ఆగాయి.

"ఎవురు చెప్పార్రా నీకా మాట? రెండెకరాలు కల్లు రోజుల్లోనే పొయ్యినయ్యి. సారా వచ్చేతలికి మిగిలిందే రెండు. నువ్వు సెలవలకొచ్చి ఆయనెనకాల తిరిగావే, ఆ ఏడే తూరుపు చెక్క అమ్మింది. ఈ తోపులో బాలేదు, ఆ తోపులో బాగుందని వూళ్ళట్టుకు తిరిగేవోడు. నాట్లేసేది ఎవురు, నీళ్ళు పెట్టేది ఎవురు? కూలోళ్ళు గట్టున కూచునేవోళ్ళు. రుచి తెలిసినోడు! కూరలో వుప్పు వోరవ్వ తగ్గితే కంచం వాకిట్లో పడేది. ఆయన నాలికి అంత మంచిది."

నేను కాఫీ గ్లాసు కేసి చూస్తూ కూచున్నాను. మా అమ్మ రెండేళ్ళు అన్నగారితో మాట్లాడకపోవడం నా నాలుక మీద పడ్డ చుక్క కోసమని యిన్నేళ్ళూ అనుకున్నాను. ఆ తూరుపు చెక్క అమ్మకం కాగితం మీద వాళ్ళ పుట్టింటి వాటా ఏమైనా వుందేమో. ఇప్పుడు అడగడానికి అమ్మ లేదు.

నా సిద్ధాంతం మాట అటుంచండి. నాకు తోచిందల్లా, ఆ పదేళ్ళ కుర్రాడు కూడా ఆ తోపులో నిలబడి, ఆహా అని నోరు తెరుచుకుని చూశాడే, వాడూ ఆ ఆటకి వో ప్రేక్షకుడే కదా అని. గీసేవాళ్ళు దణ్ణం దొరా అన్నారు. నేను మామయ్యా యింకోటి చెప్పు అన్నాను. ఇంటి దగ్గర అత్తయ్య వుప్పు చూసుకుంటూ కూర కలుపుతోంది. పీపా అడుగున వున్నది తాళంచెవి అయితే ఎవరో వొకరు కనిపెడతారు. పొయ్యి దగ్గర కూచున్న మనిషైతే మామయ్య నాలిక్కీ అందలేదు, నాకూ అందలేదు.

కాసేపటికి అత్తయ్యే మళ్ళీ ఎత్తుకుంది. గొంతు తగ్గించి, లోపల కూతురు వింటోందేమోనని అటు చూసి, "ఒరే అబ్బాయ్, నువ్వూ ఏదో తాగావంటగా, మీవోడు తెచ్చింది. మీ అక్కయ్య ఫోన్లో చెప్పింది" అంది.

"కొంచెం, అత్తయ్యా. రుచి చూశానంతే."

"తప్పని కాదులే. ఓ మాట చెప్పు. ఏళ్ళ తరబడి దాని వాసన మధ్యన పడుకున్నా. ఇంట్లో, బట్టల్లో, దుప్పట్లో. నోట్లో ఎప్పుడూ యేసుకోలా. ఎట్టా వుంటదిరా అది?"

ఈ మూడు నెలల్లో నేను రాసుకున్న నోటుపుస్తకం సంచీలోనే వుంది. అందులో నేరేడూ, వక్కా, చింతగింజా, తాటాకూ, లవంగమూ అన్నీ వున్నాయి. తియ్యడానికి చెయ్యి రాలేదు. నాకు తోచినట్టు చెప్పాను. "కల్లయితే పొద్దున తీపి, మధ్యాన్నానికి పులుపు. నేను తాగింది ద్రాక్షది. ముందు నేరేడుపండు తిన్నట్టుంటుంది. తరవాత నోరంతా వగరు. పచ్చి వక్క నమిలినట్టు చెంపలు లోపలికి లాగుతాయి."

"వగరా?"

"వగరే."

చింతపండు ముద్ద పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, చాలాసేపు ఆలోచించింది. ఇంకేమైనా చెప్తానేమోనని చూసినట్టుంది. నా దగ్గర చెప్పడానికి మరేమీ లేదు.

"అంతేనా?" అంది. "దీనికంటరా!"

తరవాత మంచం కోడు పట్టుకుని లేచి, లోపలికి తిరిగి, తెనాలి బండి టైమయింది, అబ్బాయికి అన్నం వడ్డించమని కూతుర్ని కేకేసింది.